గొళ్ళెం ఏ వైపున?

పోయిన వేసవిలో మా తమ్ముడు నెల్లికుదురులోని మా పాత ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాడు. పెంకులు తీసేసి స్లాబు వేయిస్తానని వాడు, ఆ పెంకుల కింద చల్లదనం మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని నేను - ఫోన్లో నెల్లాళ్ళు వాదించుకున్నాం. చివరికి "నువ్వే వచ్చి దగ్గరుండి చేయించుకో అక్కా" అన్నాడు. నవలలు రాసుకునే ఆడవాళ్ళకి ఇసుకకీ సిమెంటుకీ తేడా తెలియదని వాడి గట్టి నమ్మకం. దాన్ని అబద్ధం చేద్దామనే వెళ్ళాను.

మూడోరోజు మధ్యాహ్నం వడ్లాయన వెనక అర్ర తలుపు ఊడదీసి గోడకి ఆనించాడు. దాన్ని ఎగాదిగా చూసి నన్ను పిలిచాడు.

"అక్కా, గీ తలుపుకు గొళ్ళెం బయటికే ఉన్నది. లోపట లేనే లేదు. కొత్త తలుపుకు ఎటు పెట్టాలె?"

ఎంత చిన్న ప్రశ్న! ఇల్లు కట్టించుకునే ప్రతి ఇల్లాలూ ఇలాంటివి రోజుకి ఇరవై వింటుంది. కానీ నాకు వెంటనే జవాబు రాలేదు. "సాయంత్రం చెప్తానన్నా" అని తప్పించుకుని అరుగు మీద కూర్చున్నాను.

ఆ గొళ్ళెం వడ్ల బస్తాల కోసం పెట్టింది కాదు. మా మేనత్త కోసం పెట్టింది.

అత్తమ్మ మా నాయన కంటే చిన్నది. కొడుకు పుట్టిన నెలలోపే మనిషి మారిపోయింది. నిద్ర లేదు, తిండి లేదు, గోడలతో మాటలు. బిడ్డను తమ దగ్గరుంచుకుని ఆవిణ్ణి పుట్టింటికి పంపేశారు అత్తగారివాళ్ళు. అర్ధరాత్రి లేచి, "బాబు ఏడుస్తుండు" అంటూ చెరువు కట్ట వైపు నడిచిపోయేది. రెండుసార్లు ఊళ్ళోవాళ్ళు చూసి తీసుకొచ్చారు. మూడోసారి బావి గట్టు మీద దొరికింది. మర్నాడే మా నాయనమ్మ ఆ గొళ్ళెం పెట్టించింది. తాళంచెవి కొంగున ముడివేసుకుంది.

నాయనమ్మ చెడ్డ మనిషి కాదండీ. ఆ తలుపుకి అవతల కూతురు పడుకుంటే, ఇవతల చాప వేసుకుని తను పడుకునేది. కురవి వీరభద్రస్వామికి మొక్కింది. అన్నారం దర్గాకి తీసుకెళ్ళింది. మా వైపు హిందువుల ఇళ్ళల్లో కూడా యాకయ్యలూ యాకమ్మలూ ఉన్నారంటే ఆ దర్గాలోని యాకూబ్ షావలీ మీద నమ్మకమే కారణం. అన్నీ అయ్యాక పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్పించారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. రెండు నెలల తర్వాత అత్తమ్మ తిరిగొచ్చేసరికి మోకాళ్ళ దాకా ఉండే జడ లేదు. పేలు పడతాయని తీసేశారట. జబ్బుకి ఏడవని నాయనమ్మ ఆ బోడితల చూసి ఏడ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. "ఆడ ఎట్లుండె అత్తమ్మా?" అని అడిగాను.

"ఆడ గూడ గొళ్ళెం బయటికేనే బిడ్డా" అంది.

తర్వాత వరంగల్లులో ఒక డాక్టరుగారి మందులు కుదిరాయి. అత్తమ్మ మామూలు మనిషయింది. పచ్చళ్ళు పెట్టింది, మా పెళ్ళిళ్ళకి అరిసెలు వండింది. కొడుకు మాత్రం మీసాలొచ్చాక ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళాడు. ఇంకో సంగతి - చలికాలంలో కూడా అత్తమ్మ ఈ అరుగు మీదే పడుకునేది. తలుపులున్న గదిలో నిద్రపోవడం ఆవిడకి మళ్ళీ చాతకాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆసుపత్రి అనగానే మనం డాక్టరు గురించీ మందుల గురించీ ఆలోచిస్తాం గానీ గోడల గురించి ఆలోచించం. మనసు బాగాలేని మనిషికి మాత్రం డాక్టరు కంటే ముందు గేటు మాట్లాడుతుంది. గోడ, తలుపు, కిటికీ మాట్లాడతాయి. కొన్ని "నీకోసమే చూస్తున్నాం, రా" అంటాయి. కొన్ని "నిన్ను చూస్తే మాకు భయం" అంటాయి. గొళ్ళెం భద్రత కోసమే, ఒప్పుకుంటాను. కానీ ఎవరి భద్రత? ఆ మనిషిదా, ఆ మనిషి నుంచి మనదా?

మన భాష చూడండి, ఎంత విచిత్రమో! కూతురు బేలగా ముఖం పెడితే దగ్గరికి తీసుకుని "పిచ్చితల్లీ!" అంటాం. అంతకంటే ముద్దుమాట తెలుగులో లేదు. అదే మాట ఆసుపత్రి ముందు చేరేసరికి వెన్నులో చలి పుడుతుంది. గోదావరికి ఇవతల ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డకి పంపాలి" అని నవ్వుతాం. సముద్రం వైపు వాళ్ళకి ఆ హాస్యానికి విశాఖపట్నం ఉంది. పాపం, ఆ ఆసుపత్రుల్లో నయమై ఇంటికెళ్ళినవాళ్ళు ఎన్ని వేలమందో! వాళ్ళెవరూ ఆ సంగతి పైకి చెప్పుకోలేరు. మన నవ్వు వాళ్ళకి వినబడుతూనే ఉంటుంది కదా.

ఈ భయాన్ని ఇటుకలతో కట్టినవాళ్ళు మనమొక్కళ్ళమే కాదు. 1784లో వియన్నాలో రెండవ జోసెఫ్ చక్రవర్తి మతిస్థిమితం లేనివాళ్ళ కోసం ఐదంతస్తుల గుండ్రటి బురుజు కట్టించాడు. చుట్టూ చిన్న చిన్న కొట్లు, సన్నని చీలికల్లాంటి కిటికీలు. ఊళ్ళోవాళ్ళు దానికి తాము ఇంట్లో చేసుకునే గుండ్రటి కేకు పేరు పెట్టి వేళాకోళం చేసేవాళ్ళట. చూశారా, ఎక్కడైనా ఒకటే వరస!

ఇంగ్లండులో యార్క్ అనే ఊళ్ళో 1790లో హన్నా మిల్స్ అనే ఆవిడ అక్కడి పిచ్చాసుపత్రిలో చేరిన కొద్ది వారాలకే చనిపోయింది. చూడటానికి వెళ్ళిన ఆమె మతస్తుల్ని లోపలికి రానివ్వలేదు. వాళ్ళు క్వేకర్లు, నెమ్మదైన మనుషులు. వాళ్ళలో విలియం ట్యూక్ అనే తేయాకు వ్యాపారి మనమే ఒకటి కడదామని పూనుకున్నాడు. 1796లో "రిట్రీట్" తెరిచారు. గొలుసులు లేవు. తోట ఉంది. టీ బల్ల ఉంది. అయినా కిటికీలకి ఇనుము తప్పలేదు. అయితే ఆ ఇనప చట్రాలని మామూలు ఇళ్ళ చెక్క చట్రాల్లా కనబడేట్టు చేయించారు.

ఇది మొదట చదివినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. మోసం కాదూ? బంధించడమూ బంధించడమే, పైగా బంధించలేదని నటించడం! తర్వాత మా ఇంటి కిటికీ వంక చూసుకున్నాను. మనకి మాత్రం ఊచలు లేవా? వట్టి ఊచలైతే జైలులా ఉంటుందని పువ్వుల డిజైను గ్రిల్లు ఏరి కోరి పెట్టించుకుంటాం. అదీ ఇనుమే. దొంగకి అడ్డం, మన కంటికి పువ్వు. అంటే తప్పు ఇనుములో లేదు. చూసినప్పుడల్లా "నువ్వు ప్రమాదం" అని ఆ మనిషికి గుర్తుచేయడంలో ఉంది. దాచడం అవమానించకుండా ఉండటానికైతే దాచవచ్చు. కానీ ఆవిడ అడిగితే మాత్రం నిజం చెప్పాలి. అడిగినా చెప్పలేని రహస్యమైతే అప్పుడది మోసమే.

ఇంట్లో పాప పాకడం మొదలెడితే మనం ఏం చేస్తాం? పాపని కట్టేస్తామా? కత్తిపీట పైకెక్కిస్తాం. బల్ల మూలలకి గుడ్డ చుడతాం. ప్లగ్గులు మూసేస్తాం. ఇంటిని మారుస్తాం, బిడ్డని వదిలేస్తాం. ఈ రోజుల్లో మంచి మానసిక వైద్యశాలలు కట్టేవాళ్ళు చేస్తున్నదీ ఇదే. పదునైన మూలలు ఉండవు. బరువు పడితే ఊడివచ్చేట్టు పరదా కమ్మీలు, కొక్కేలు అమరుస్తారు. అద్దం పగిలినా గుచ్చుకోనిది వేస్తారు. నర్సు కూర్చునే చోటు జాలీ వెనక కాకుండా, నలుగురి మధ్యలో, చూపు అన్ని వైపులా పారేట్టు పెడతారు. తొంగిచూడటం వేరు, కనబడుతూ ఉండటం వేరు కదా! ఇక తలుపు: లోపలి మనిషి తన గది తనే మూసుకోవచ్చు. అవసరం పడితే నర్సు బయటినుంచి తీయగలదు. లోపల ఏదైనా అడ్డం పెట్టినా తలుపు రెండో వైపుకి తెరుచుకుంటుంది.

అయితే పాప పోలికని ఎక్కువ దూరం లాగకూడదు. అత్తమ్మ పాప కాదు. పాతికేళ్ళ ఆడమనిషి, ఒక తల్లి. ఆమెకి కావలసింది కాపలా ఒక్కటే కాదు, మర్యాద కూడా. బట్టలు మార్చుకునేప్పుడు ఎవరూ చూడని చోటు, బయటికి రాగానే కూర్చోవడానికి ఎండ తగిలే ఒక అరుగు, వద్దనుకుంటే లేచి వెళ్ళిపోవడానికి ఇంకో మూల.

కిటికీ సంగతి తేలిగ్గా తీసేయకండి. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన అమెరికాలో ఒక ఆసుపత్రి లెక్కలు చూసి ఒక వ్యాసం రాశాడు. పిత్తాశయం ఆపరేషను అయినవాళ్ళలో కొందరి కిటికీలోంచి చెట్లు కనబడేవి, కొందరికి ఇటుక గోడ. చెట్ల వైపువాళ్ళు సుమారు ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్ళారు. గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. అవి ఒంటి జబ్బులు, నిజమే. ఆయనే ఆ తర్వాత స్వీడన్‌లో మానసిక వైద్యశాలల్ని చూశాడు. మనిషికో గది, తోటా వెలుతురూ ఉండేట్టు కట్టిన చోట రోగుల్ని కట్టేయవలసిన సందర్భాలు తగ్గాయని తేల్చాడు. నలభై మందిని ఒకే హాలులో పడుకోబెట్టి, వాళ్ళు చిరాకుపడితే జబ్బు ముదిరిందంటాం. పెళ్ళివారి విడిదిలో ఒక్క రాత్రి అలా పడుకుంటే మనం ఎంత సాధుజీవులుగా ఉంటామో నాకు తెలియదా!

చప్పుడు కూడా అంతే. ఫిన్లండులో అల్వార్ ఆల్టో అనే వాస్తుశిల్పి 1933లో పూర్తిచేసిన క్షయ ఆసుపత్రిలో, పక్క మంచం మనిషికి నిద్రాభంగం కాకుండా నీళ్ళు చప్పుడు చేయకుండా జారే తొట్లు పెట్టించాడు. పడుకున్న మనిషి రోజంతా చూసేది పైకప్పునే కదా అని దానికి కళ్ళకి హాయి అయిన రంగు వేయించాడు. రోగి మంచం మీద తను పడుకుని ఆలోచించినవాడికే ఇలాంటివి తడతాయి. మన అర్ర బయటి ఇనప గొళ్ళెం రోజుకి ఆరుసార్లు ఎంత చప్పుడు చేసేదో, లోపల కూర్చుంటే అది ఎలా వినబడేదో మాలో ఒక్కరమూ ఆలోచించలేదు.

ఇక్కడ అన్నారం దర్గా మళ్ళీ గుర్తొస్తోంది. జబ్బు వస్తే దర్గాకీ గుడికీ తీసుకెళ్ళడం మూఢనమ్మకమని మనలాంటి చదువుకున్నవాళ్ళం తేలిగ్గా అనేస్తాం. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. అక్కడ గేటు దగ్గర ఎవరూ "ఏమిటి జబ్బు?" అని గట్టిగా అడగరు. పేరు కేకేసి పిలవరు. చెట్టు కింద చాప వేసుకోవచ్చు. కందూరు చేసుకుని వండుకు తినవచ్చు. ఇంటిల్లిపాదీ పక్కనే ఉండవచ్చు. నాయనమ్మ అక్కడికి ముందు వెళ్ళి ఆసుపత్రికి చివర వెళ్ళడానికి నమ్మకం ఒక్కటే కారణం కాదేమో! ఆ వాకిలి రమ్మంది, ఈ వాకిలి పొమ్మంది.

అలాగని రమ్మనడంతోనే సరిపోదు. తమిళనాడులో ఏర్వాడి అనే దర్గా ఊరుంది. నయమవుతుందని దూరదూరాల నుంచి రోగుల్ని తెచ్చి, అక్కడ ప్రైవేటు మనుషులు నడిపే ఆశ్రమాల్లో వదిలేసి వెళ్ళేవాళ్ళు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అలాంటి ఒక పాకకి నిప్పంటుకుంది. కాళ్ళకి గొలుసులు. పారిపోయే దారి లేదు. 28 మంది పోయారు. ఆ గొలుసులు వేసినవాళ్ళని అడిగి ఉంటే వాళ్ళూ భద్రత కోసమే అనుండేవాళ్ళు, మా నాయనమ్మలాగే. ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది. మా ఇంట్లోనూ ఆ అర్ర పక్కనే వంటిల్లు, కట్టెల పొయ్యి.

2017లో కొత్త మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం చదువుతూ నేను రెండుచోట్ల ఆగిపోయాను. ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదు, ఒంటరి గదిలో పెట్టకూడదు - ఇవి ఎదురుచూసినవే. కానీ బలవంతంగా గుండు చేయకూడదని రాసుంది. ఇష్టమైతే సొంత బట్టలే కట్టుకోవచ్చని రాసుంది. మూడేళ్ళ లోపు బిడ్డని, బిడ్డకి ప్రమాదం ఉంటే తప్ప, చికిత్సలో ఉన్న తల్లి నుంచి వేరు చేయకూడదని కూడా రాసుంది. అత్తమ్మకి జడా దక్కలేదు, కొడుకూ దక్కలేదు. ముప్పై ఏళ్ళ ముందు ఈ నాలుగు వాక్యాలు ఉండుంటే!

కానీ వాక్యాలకి కూడా గదులు కావాలి. తల్లీ బిడ్డా కలిసి ఉండాలంటే ఊయల కట్టే చోటుండాలి, పాలు కాచుకునే చోటుండాలి, రాత్రి తోడుండే మనిషికి మంచం ఉండాలి. ఆ తోడుండేది ఎవరంటారు? అమ్మో, అక్కో, భార్యో - చాలాసార్లు ఆడదే. రోగి మంచం కింద పేపరు పరుచుకుని పడుకునే ఆ మనిషిని లెక్కలో వేసుకోకుండా ఎంత పెద్ద భవనం కట్టినా సగమే కట్టినట్టు. 1950ల్లోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఈ సంగతి గుర్తించారు. గదులు లేకపోతే ఏం, ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి కుటుంబాలని రోగులతోపాటే ఉండనిచ్చారు. జబ్బు ఏమిటో, ఎలా చూసుకోవాలో ఇంటివాళ్ళూ నేర్చుకున్నారు. రోగులు ఇంటిదారి పట్టడం తేలికయింది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్ళ మానసిక వైద్యశాలలోనూ కుటుంబం వెంట ఉండటమే పద్ధతి.

"ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లమ్మా" అంటారు. కొంతవరకు నిజమే. కానీ డేరాకి ఎంత ఖర్చు? గోడకి సున్నం ఎలాగూ వేస్తారు, కాస్త కంటికి నచ్చే రంగు వేస్తే ఎంత ఎక్కువ? వేపమొక్క నాటడానికి టెండరు పిలవాలా?

అన్నిటికంటే మంచి భవనం దగ్గరలో ఉన్నదేనని కూడా నాకనిపిస్తుంది. అత్తమ్మ రోజుల్లో మానుకోటలో రైలెక్కి పట్నం పోవాల్సి వచ్చేది. ఇప్పుడు మానుకోట జిల్లా కేంద్రమయింది, 2022లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. జ్వరానికి వచ్చినవాళ్ళూ, కాలు బెణికినవాళ్ళూ, మనసు బాగాలేనివాళ్ళూ ఒకే గేటులోంచి వెళ్ళే ఆసుపత్రిలో ఎవరు ఎందుకొచ్చారో ఎవరికి తెలుస్తుంది? 1980ల్లో బెంగుళూరు నిమ్‌హాన్స్‌వారు మన పొరుగు బళ్ళారి జిల్లాలో, మామూలు ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకి నేర్పించి అక్కడే ఈ వైద్యం చేయించి చూపించారు. ఆ నిమ్‌హాన్స్‌వారే 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే మన వీధిలోనే, మన చుట్టాల్లోనే. నోరు విప్పి చెప్పుకోవడానికి 14416 అనే ఫోను నెంబరు కూడా ఉంది. 2022 నుంచి పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. దానికి గేటే లేదు.

ఇంత చెప్పినా ఒక ముల్లు మిగిలే ఉంది. ఆ మూడో రాత్రి, బావి గట్టు మీద కూతురు దొరికిన రాత్రి, నాయనమ్మ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్ని? బహుశా గొళ్ళెమే పెట్టేదాన్ని. ఆ ఊళ్ళో ఆ రోజున ఆవిడకి ఇంకో దారి ఎవరూ చూపించలేదు. నేను ఆవిణ్ణి తప్పుపట్టలేను. కానీ ఒక రాత్రి కోసం పెట్టిన గొళ్ళెం ఏడాదిన్నర ఉండిపోయింది. భయంతో పెట్టినదాన్ని ఎప్పుడు తీయాలో ఎవరూ అనుకోలేదు. అదీ మా తప్పు. ఆ తప్పులో రోజూ కంచం పట్టుకెళ్ళి మళ్ళీ గొళ్ళెం పెట్టివచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా పాలుంది.

సాయంత్రం వడ్లాయన చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఏమన్నవక్కా, గొళ్ళెం?"

"లోపట పెట్టన్నా."

"బయటికి వద్దా?"

"వద్దు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "పిల్లగాండ్లుండే ఇల్లు. లోపట వెట్టుకోని తీయరాక ఏడిస్తె ఎట్ల?"

నేను మళ్ళీ ఆలోచనలో పడ్డాను. ఆయనే అన్నాడు:

"గట్లయితే లోపటనే పెట్టి, బయటికెల్లి సుత తీసేటట్టు చేస్త తియ్యి. గదేం పెద్ద పని?"